చదివి ఒత్తిన్రా, ఒత్తి చదివిన్రా?

"సిస్టం తీసుకుంటలేదు" అని గాజుపలక వెనకున్న మనిషి అంటే మీరు ఏం చేస్తారు? నిజం చెప్పండి. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పోతారు కదా?

నేనూ చాలాకాలం అట్లాగే పోయాను. విభూతి రాల్చే బాబాల ముందు మైకు పట్టుకుని సవాలు చేసినవాణ్ణి, చేతబడి అనుమానంతో ఒక ముసలామెను కట్టేసిన గుంజ దగ్గరికి పోయి కట్లు విప్పినవాణ్ణి, సిస్టం అనే మాట వినగానే మాత్రం తల ఊపి వచ్చేవాణ్ణి. ఆ జబ్బును నాకు ఒక ఆడమనిషి నయం చేసింది. ఆమె ఏ సభలోనూ మాట్లాడలేదు. ఏ సంఘంలోనూ సభ్యురాలు కాదు. ఐదుపూటలా నమాజు చేసేది.

మొన్న తూంకుంటలో ఒక సేవాకేంద్రానికి పోయాను. నా ముందు ఒక అవ్వ. నివాస పత్రం కోసం మూడోసారి వచ్చిందట. ఆపరేటరు తెర వైపే చూస్తూ, "సిస్టం తీసుకుంటలేదవ్వా, రేపు రా" అన్నాడు. అవ్వ లేచింది. అప్పుడు నా నోటి నుంచి నా మాట కాని మాట ఒకటి వచ్చింది.

"ఏమని రాసింది నాయనా? చదివి ఒత్తినవా, ఒత్తి చదివినవా?"

"ఏంది సార్?"

"ఎర్ర అక్షరాలు వచ్చినయి గదా. ఓకే ఒత్తకముందు ఏమనుంది?"

"ఏమో సార్. రోజు అస్తనే ఉంటది."

మళ్లీ చేయించాను. ఈసారి ఓకే మీద వేలు పడకుండా నేనే అడ్డం నిలబడ్డాను. పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలని రాసి ఉంది. అతను ఐదే కొట్టాడు. మూడుసార్లూ ఐదే కొట్టాడు. అవ్వ గాజుపలక దగ్గరికి వంగి, "గీ ఒక్క అంకెకోసం నన్ను మూడుమార్లు తిప్పినవా కొడుకా? నా మోకాళ్లకు లెక్కలు రావనుకున్నవా?" అంది. వరసలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పత్రం పని అయిపోయింది.

ఆ సంతోషం పట్టలేక ఆ సాయంత్రం, నా జబ్బు నయం చేసిన ఆ మనిషి నంబరుకు ఫోన్ చేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత. వేరే గొంతు పలికింది. చెల్లెలట. "ఆపా, మా అక్క, లేదు సార్. రంజాన్ నెల పడకముందే పోయింది." ఆ గొంతే మళ్లీ అడిగింది: "మీ పేరు ఆపా ఫోన్ల 'సోషల్ సార్ అరవై రెండు' అని ఉంది. అరవై రెండు అంటే ఏంది సార్? మీ వయసా?"

ఆ చెల్లెలికి ఫోన్లో చెప్పలేకపోయిన జవాబు ఇది.

*

2009లో నేను మేడ్చల్–శామీర్‌పేట రోడ్డు మీద ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊరందరికీ సోషల్ సారుని. ఆమె మేడ్చల్‌లో, చుట్టుపక్కల బడుల లెక్కలు చేరే ఒక చిన్న ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరు. నలభై దగ్గర పడుతున్న మనిషి. పొట్టిగా ఉండేది. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. "దిష్టికా ఆపా?" అని అటెండరు అడిగితే, "కింద పడకుండ" అంది. అంతే. అంతకంటే పెద్ద ఉపన్యాసం నేను మూఢనమ్మకాల మీద ఎన్నడూ ఇవ్వలేదు.

పొద్దున రాగానే కీబోర్డును బోర్లించి రెండుసార్లు తట్టేది. రాలిన ముక్కల్ని చూసి నిన్న దాని ముందు ఎవరు కూర్చున్నారో చెప్పేది. "మురుకుల పొడి. సూపరింటెండెంట్ సార్ ఏదో సినిమా టికెట్ చూసుకున్నడు." ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆమె వాదించేది కాదు. మురుకు ముక్కను తీసి ఆయన బల్ల మీద పెట్టేది.

అప్పట్లో పై ఆఫీసు నుంచి బడులకు ఫారాలు ఈమెయిల్లో రావడం కొత్త. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పరీక్ష దరఖాస్తులు, అన్నీ ఎక్సెల్ ఫారాలే. వాటిలో బటన్లు ఉండేవి. బటన్ల వెనక మ్యాక్రోలు ఉండేవి. మ్యాక్రో అంటే బెదరకండి. 'ఈ బటన్ ఒత్తితే ఈ పనులు ఈ వరసలో చెయ్యి' అని ఎవరో ఒక మనిషి ముందే రాసి, ఫారం కడుపులో దాచిన చీటీ. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ చీటీ సంగతి తెలియక బడులన్నీ పరేషాన్. ఫారం తెరవగానే పైన ఒక పసుపు పట్టీ వచ్చి, మ్యాక్రోలు ఆపి ఉంచాను, నడిపించమంటారా అని అడిగేది. ఒక్కరూ చదివేవారు కాదు. బటన్ పనిచెయ్యక పెన్‌డ్రైవులు పట్టుకుని ఆమె దగ్గరికి పరిగెత్తేవాళ్లు.

"వైరస్ పట్టింది మేడమ్."

"జరం ఎంతుంది?"

"ఆఁ?"

"దవాఖానకు పోతే రోగం పేరు నువ్వే చెప్తవా సార్? నొప్పి ఏడుందో చెప్పు. ఏం జేసినవు, అది ఏం జేసింది? పైన పసుపు పట్టీ వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. పసుపు శుభమే గదాని ఊకున్న."

ఆ టీచరు అది హాస్యానికి అనలేదు. అదే నన్ను మండించేది.

ఇంకొందరు ఫారాన్ని కొత్తరకం ఫైలుగా సేవ్ చేసి తెచ్చేవాళ్లు. అట్లా సేవ్ చేస్తే లోపలి చీటీ ఊడిపోయి, బటన్ బొమ్మ మాత్రం మిగిలేది. ఎంత ఒత్తినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆమె దాన్ని చూసి, "తలుపు తెచ్చిన్రు సార్. ఇల్లు ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన్రు" అనేది. తిట్టేది కాదు. మళ్లీ మెయిల్ తెరిపించి, వాళ్ల చేతనే అసలు ఫారం దింపించి, వాళ్ల వేలితోనే బటన్ ఒత్తించేది. తను మౌస్ ముట్టుకోదు. "నేను చేసిస్తె పది నిమిషాలు. మీరు చేస్తె గంట. కానీ మళ్ల రారు." గంట పట్టినా కూర్చునేది. తెర మీద ఏ సందేశం వచ్చినా ముందు పైకి చదివించేది. ఎవరైనా తొందరపడి ఓకే ఒత్తేశారా, అద్దాల మీది నుంచి చూసి ఆ ప్రశ్న వేసేది: "చదివి ఒత్తిన్రా, ఒత్తి చదివిన్రా?"

మండలంలో సగంమంది టీచర్లు ఆమెను ఆ మాటతోనే వెక్కిరించేవాళ్లు. బస్సులో టికెట్ చించినా అదే, టీ తాగినా అదే. ఆమెకు తెలుసు. పట్టించుకునేది కాదు.

*

మా బడిలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. పెద్దసారు గదిలో ఉండేది. మా ప్రధానోపాధ్యాయుడు మంచివాడే, పిల్లలను కొట్టడు, సెలవు అడిగితే కాదనడు. కానీ కంప్యూటరుకు బొట్టు పెడతాడు. దసరానాడు పెట్టిన నిమ్మకాయ తర్వాత నెల దాకా దాని నెత్తి మీదే ఉంటుంది. మెయిల్ పంపాలంటే గోడమీది క్యాలెండరులో రాహుకాలం చూస్తాడు. నాకూ ఆయనకూ రోజూ యుద్ధమే.

ఆ ఏడాది పిల్లల పుట్టిన తేదీల ఫారం వచ్చింది. కొందరి తేదీలు ఎక్కాయి. కొందరివి ఎంత కొట్టినా ఎక్కలేదు. మా తెలుగు సారు జాబితా తీసుకుని పరిశోధన చేశాడు. ఎక్కనివాళ్లందరూ పదమూడో తారీకు నుంచి నెలాఖరు లోపల పుట్టినవాళ్లే. "చూసిండ్రా? అందరు నెల రెండో సగపోళ్లు. కృష్ణపక్షం!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తిథి వేరు, తారీకు వేరు అని మొదలుపెట్టాను. భూమి, చంద్రుడు, సూర్యుడు, డస్టరు, సుద్దముక్క, గ్లోబు అన్నీ బల్ల మీద పెట్టి గంటసేపు వాదించాను. వాదన నేనే గెలిచాను. తేదీలు మాత్రం ఎక్కలేదు.

మర్నాడు పెన్‌డ్రైవు ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కంప్యూటర్లో అదే ఫారం, అవే తేదీలు. గడగడా ఎక్కేశాయి. నేను ఊపిరి పీల్చుకుని లేవబోయాను.

"ఆగుండ్రి సార్. ఈడ తీసుకుంటాంది, ఆడ తీసుకుంటలేదు. ఫారం ఒక్కటే. అంటే తప్పు ఫారంల లేదు, మీ ఇంట్ల ఉంది. చూడకుండ పోతె రేపు మళ్ల వస్తది."

ఆ మధ్యాహ్నం సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని మా బడికి వచ్చింది. కంప్యూటరు మీది నిమ్మకాయను రెండు వేళ్లతో తీసి పెద్దసారు బల్ల మీద పెట్టి, "పులిహోరకు పనికొస్తది సార్, పారెయ్యకుండ్రి" అంది. ఆయన బుద్ధిగా దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. ఎందుకంటే ఆ గొంతులో ఎగతాళి లేదు. నేను అదే నిమ్మకాయ గురించి మూడేళ్లు పోరాడాను. నా గొంతులో ఎగతాళి తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

కారణం ఐదు నిమిషాల్లో దొరికింది. మా కంప్యూటరు తేదీని అమెరికా పద్ధతిలో చదువుతోంది. నెల ముందు, రోజు తర్వాత. "పదమూడో నెల ఏడుంటది సార్? అందుకే వద్దంటాంది." ఒక సెట్టింగు మార్చింది. కృష్ణపక్షం అంతరించింది. తెలుగు సారు టీ తెప్పించాడు.

ఆమె టీ ముట్టుకోలేదు. "ఇప్పుడు మొదటి సగంల పుట్టినోళ్లను చూడాలె" అంది.

"వాళ్లవి తీసుకుంది గదా మేడమ్?"

"గందుకే చూడాలె. వద్దన్నది మనకు మొఖం మీద చెప్పింది. తీసుకున్నది తప్పు తీసుకుందేమో, ఎవరు చెప్తరు?"

నెల పేరు అక్షరాలలో కనిపించేటట్టు గడులను మార్చింది. ఆగస్టు ఐదున పుట్టిన పిల్లవాడు మే ఎనిమిదికి జారిపోయి ఉన్నాడు. అట్లా చాలామంది. ఒక్క సందేశం లేదు, ఒక్క ఎర్ర అక్షరం లేదు. అరిచే తప్పును చూసి మేమంతా భయపడ్డాం. చప్పుడు లేకుండా కూర్చున్న తప్పును మేం కన్నెత్తి చూడలేదు. అన్నీ సరిచేయించి, చల్లారిన టీ తాగి, ఆమె ఆటో ఎక్కింది.

ఆ పాఠం నాకు అర్థమైంది అనుకున్నాను. ఎంత అర్థమైందో రెండేళ్లకు తేలింది.

*

2011 చలికాలం మొదట్లో పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా ఫారం వచ్చింది. మా బడిలో అరవై రెండు మంది. గడువు ఒక శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఆలోగా చేరని పేరు ఆ ఏడాది పరీక్షకు లేనట్టే.

ఆ అరవై రెండు మందిలో గౌడవెల్లి వైపు నుంచి సైకిలు మీద వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. తల్లి కోళ్లఫారంలో కూలి చేసేది. ఆ అమ్మాయిని బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు రాయనని తల్లి పట్టుబడితే, ఆమె తరఫున పెద్దసారుతో పోట్లాడి తల్లి పేరుతోనే రిజిస్టరులో ఎక్కించింది నేను. అది నా గర్వం. నాలుగు సభల్లో చెప్పుకున్నాను కూడా.

శుక్రవారం పొద్దున ఫారం నింపడం అయింది. పదకొండు కావస్తోంది. పెద్దసారు క్యాలెండరు చూసి, "పన్నెండు దాక ఆగుదాం సోషల్ సార్. రాహుకాలం నడుస్తాంది" అన్నాడు. ఆగితే నేనెందుకు హేతువాదిని? ఆయన కళ్ల ముందే కుర్చీ లాక్కుని, 'సరిచూడు' అనే బటన్ ఒత్తాను. ఏదో సందేశం వచ్చింది. ఓకే ఒత్తాను. ఫైలు మెయిల్‌కు తగిలించి పంపేశాను. "రాహుకాలంలో పంపిన. ఏమైంది చెప్పుండ్రి?" అన్నాను, మీసం తిప్పినంత పని చేసి.

పన్నెండున్నరకు ఫోన్ వచ్చింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ బడి ఫైలు వచ్చినా తెరిచే ముందు ఆ బడికి ఫోన్ చేసి, పిల్లలు ఎందరో నోటితో చెప్పించుకునేది. తెర చూసి చెప్పొద్దు, రిజిస్టరు చూసి చెప్పాలి. తన కాగితం మీద ఆ అంకె రాసుకున్నాకే ఫైలు తెరిచేది. దీన్ని కూడా అందరూ చాదస్తమనేవాళ్లు.

"సార్, మీ పిల్లలు ఎందరు? నోటితోటి చెప్పుండ్రి."

"అరవై రెండు మేడమ్."

మౌస్ చప్పుడు వినిపించింది. "ఫైలుల అరవై ఒకటే ఉన్నరు."

"నేనే కొట్టిన మేడమ్, అరవై రెండు కొట్టిన."

"బటన్ ఒత్తినంక ఏమని వచ్చింది సార్?"

"చూడలేదు మేడమ్, ఓకే ఒత్తిన" అన్నాను. ఆమె ఆ ప్రశ్న వెయ్యలేదు. చదివి ఒత్తిన్రా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పోయిన పేరు ఎవరిదో రిజిస్టరు పెట్టి చూశాం. ఆ అమ్మాయిదే. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న ఒక్క వరస మాయమై, కింది క్రమసంఖ్యలు ఆనవాలు లేకుండా పైకి సర్దుకున్నాయి. పెద్దసారు నన్ను చూసి గొంతు తగ్గించి, "నేను చెప్పలేదా సార్, రాహుకాలమని" అన్నాడు. నేను చదవకుండా ఓకే ఒత్తిన ఆ సందేశంలో, అరవై ఒకటి అన్న అంకె నా కళ్ల ముందుకే వచ్చింది. మనుషులు కనిపెట్టిన రాహువు మీద కోపంతో, కళ్లముందున్న వాక్యాన్ని నేను చదవలేదు.

పెద్దసారు చెడ్డవాడు కాదన్నాను కదా. తరుణోపాయం చెప్పాడు. "తండ్రి పేరు లేకుంటె తీసుకోవద్దని రూల్ ఉన్నట్టుంది. ఏదో ఒక పేరు రాద్దాం. మేనమామ పేరు రాద్దాం. ఎవరు చూడొచ్చిన్రు?"

అయినా తల్లిని అడగాలి. స్కూటరు మీద కోళ్లఫారానికి పోయాను. దాణా సంచుల మధ్య నిలబడి ఆమె అంతా విన్నది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"సారూ, గా మనిషి పోయినేడు బిడ్డకు పెండ్లి జేస్తనని తీస్కపోవ అచ్చిండు. తండ్రిననుకుంట. ఏడ రాసి ఉంది చూపియ్యి అన్న. చూపియ్యలేక పోయిండు. ఇయ్యాల మీరే రాసిస్తరా?"

"ఆయన పేరు కాదమ్మా. మీ అన్న పేరు..."

"మా అన్న నా బిడ్డకు తండ్రి ఎట్లయితడు సారూ? సదువుకున్నోళ్లు గదా మీరు?"

తిరిగి మేడ్చల్ చేరేసరికి రెండు దాటింది. ఆపరేటర్ మేడమ్ అప్పుడే మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చి కూర్చుంది. నేను చెప్పింది విని, అద్దాలను చున్నీ చెంగుతో తుడిచి, ఆల్ట్, ఎఫ్ పదకొండు కలిపి ఒత్తింది. ఫారం వెనక ఇంకో కిటికీ తెరుచుకుంది. అందులో ఇంగ్లీషు వాక్యాలు, వరసలు వరసలు.

"ఇదేంది మేడమ్?"

"గిదే సార్ మీ రూల్."

పెన్సిలు మొన తెరకు ఆనించి ఒక్కో వాక్యం చదివింది. తొందర లేదు. గోడ మీద గడియారం తొందరపడుతోంది, ఆమె పడటం లేదు. ఒకచోట పెన్సిలు ఆగింది. "డి గడి ఖాళీ ఉంటె ఆ వరస తీసెయ్యమని రాసిన్రు. డి అంటె తండ్రి పేరు."

"అంటే నిజంగానే రూల్ ఉంది."

"రూల్ అని ఏడ రాసుంది? లైన్ అని రాసుంది. లైన్ రాసినోడు ఎవడో ఉంటడు. ఆణ్ణి అడుగుదాం."

నాకు ఒక ఉపాయం తట్టింది. "మేడమ్, ఆ లైన్ మీరే మార్చెయ్యండి. మన పిల్ల గట్టెక్కుతుంది."

ఆమె నా వైపు తిరిగింది. "మన పిల్ల ఒక్కతె గట్టెక్కుతది. ఇదే ఫారం జిల్లా మొత్తం పోయింది. శామీర్‌పేటల, గాజులరామారంల తండ్రి పేరు లేని పిల్లలు ఉండరా? ఆళ్లను ఎవరు లెక్కపెడ్తరు?"

మూడు వాక్యాల మెయిల్ రాసింది. ఆమె మెయిళ్లన్నీ మూడే వాక్యాలు. మేము ఏం చేశాం, అది ఏం చేసింది, ఏం చేయాల్సింది. కోపం లేదు, విన్నపం లేదు, తమరి దయ అనే మాట లేదు. పై ఆఫీసుకు పంపి, తనకు తెలిసిన పక్క మండలాల ఆపరేటర్లందరికీ అదే పంపింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తింది. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు. ఆ ఇంకొకరు భోజనానికి పోయారు. మూడున్నరకు ఆ ఫారం రాసిన మనిషే దొరికాడు. స్పీకరు పెట్టింది.

"తండ్రి పేరు లేకపోతే పేరు తీసెయ్యమని మీకు ఎవరు చెప్పిన్రు సార్?"

"ఎవరూ చెప్పలేదండి. ఫారంలో రెండొందల వరసలుంటాయి కదండీ, వాడనివి తీసెయ్యమన్నారు. ఖాళీ అవునో కాదో చూడ్డానికి ఒక గడి కావాలి కదా... ఒక్క నిమిషం." కీబోర్డు చప్పుడు వినిపించింది. "అయ్యో. పిల్లల పేరు సి లో ఉంది మేడమ్. నేను డి అని కొట్టాను."

అంతే. రూలు లేదు. జీవో లేదు. ఏ పెద్దమనిషీ అట్లా తీర్మానించలేదు. ఒక అలసిపోయిన వేలు ఒక మీట పక్కకు పడింది. దాని వెనక మేం ఒక ప్రభుత్వాన్ని ఊహించుకున్నాం, ఒక ధర్మశాస్త్రాన్ని ఊహించుకున్నాం, దానికి భయపడి ఒక తల్లి చేత అబద్ధం ఆడించబోయాం. బడిలో పెద్దసారు రాహువును ఊహించుకున్నాడు. నేను రూలును ఊహించుకున్నాను. ఇద్దరిలో ఎవరు మెరుగు?

నాలుగూ నలభైకి సరిచేసిన ఫారం అన్ని మండలాలకూ వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టింది. పాత ఫైలులోవి అతికించి, ఆ అమ్మాయి వరస మళ్లీ కొట్టి, అరవై రెండు పేర్లూ ఎక్కించాం. 'సరిచూడు' మీద వేలు పెట్టాను.

"ముందు నోటితోటి చెప్పుండ్రి."

"అరవై రెండు."

ఒత్తాను. సందేశం వచ్చింది. పిల్లవాడిలా పైకి చదివాను. అరవై రెండు పేర్లు సిద్ధం అని ఉంది. "ఇగ ఒత్తుండ్రి" అంది. ఒత్తాను. వరసలు దింపుకుంటూ పోయి ఆ అమ్మాయి పేరు, పక్కన ఖాళీ గడి, ఆ పక్కన తల్లి పేరు చూసి అప్పుడు పంపాం. ఐదుకు పదకొండు నిమిషాలు తక్కువ. ఆ సాయంత్రమే పక్క మండలం ఆపరేటరు ఒకాయన ఫోన్ చేసి, మా జాబితాలో కూడా ఇద్దరు తిరిగొచ్చిన్రు మేడమ్ అని చెప్పాడు. ఆమె ఎగిరి గంతెయ్యలేదు. కీబోర్డు మీద గుడ్డ కప్పింది.

వెళ్లబోతూ పెద్దసారుకు ఫోన్ చేయించి చెప్పింది: "రాహువు కాదు పెద్దసార్. డి గడి." ఆ తర్వాత ఆయన రాహుకాలం మానేశాడని రాయను, మానలేదు. కానీ పంపే ముందు లెక్క నోటితో చెప్పించుకోవడం నేర్చుకున్నాడు. రిటైరయ్యేదాకా అది వదల్లేదు.

*

ఆమెతో నేను దేవుడి గురించి ఒక్కసారే వాదించాను. ఇంత తర్కం తెలిసిన మనిషి నమాజు ఎట్లా చేస్తారని అడిగాను. నవ్వింది. "నమాజు నాది సార్. ఎవరి మీద రుద్దను. మ్యాక్రో అందరిది. అందరిదాన్ని ఎవరు దాచిపెట్టినా ఊకోను." నా దగ్గర జవాబు ఉంది, పెద్ద జవాబే ఉంది. ఆ రోజు చెప్పలేదు. అరవై ఒకటి గుర్తొచ్చింది.

మా చిన్న పత్రికలో ఆమె గురించి రాస్తానంటే ఒక షరతు పెట్టింది. "పేరు మాత్రం రాయకుండ్రి."

"భయమా మేడమ్?"

"భయం ఎందుకు? పేరు రాస్తె, ఆమె ఒక్కతె చెయ్యగలదు అనుకుంటరు. మళ్ల పెన్‌డ్రైవులు పట్టుకొని నా దగ్గరికే వస్తరు."

అప్పుడు రాయలేదు. 2014లో ఆ ఆఫీసులో కాంట్రాక్టు పోస్టులు తీసేశారు. చివరి రోజు పోయి కలిశాను. కీబోర్డును బోర్లించి రెండుసార్లు తట్టింది, రాలిన పొడి తుడిచింది, గుడ్డ కప్పింది. "కొత్త మనిషికి మురుకుల సంగతి చెప్పిన" అంది. సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచింది. సన్మానం లేదు, శాలువా లేదు. శాలువా కప్పితే, ఎందుకు కప్పారో చదివి కప్పిన్రా అని అడిగి ఉండేది.

ఆ అమ్మాయి పదో తరగతి పత్రం మీద తల్లి పేరు ఒక్కటే ఉంది. మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఇప్పుడు పనిచేస్తోంది. ఆమెకు ఈ కథ పూర్తిగా తెలియదు. చదివితే తెలుస్తుంది.

మేడమ్ పెట్టిన షరతును ఇప్పటికీ మీరలేదు. పేరు రాయలేదు. కాబట్టి ఇక ఆమె దగ్గరికి పోయే దారి మీకు లేదు. మీరే చెయ్యాలి.

మీ ఇంట్లో, సంచి అడుగున, 'సిస్టం తీసుకోలేదు' అని వెనక్కి వచ్చిన కాగితం ఒకటి ఉంది. నాకు తెలుసు. ఇప్పుడే తియ్యండి. రేపు పొద్దున దాన్ని పట్టుకుని అదే గాజుపలక ముందుకు పోండి. తెరను మీ వైపు తిప్పమనండి. చదువు రాకపోతే, వచ్చినవాళ్లను వెంట తీసుకుపోయి పైకి చదివించండి. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకోండి. దాన్ని రాసిన మనిషి ఎవరో అడగండి. ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఆ మనిషి జవాబు చెప్పేదాకా, ఎవరినీ ఓకే ఒత్తనివ్వకండి.